ఒడీల్ ఆంటీకి ఉప్పు చూసిన రోజులు

పోయిన నెల జ్వరం వచ్చి నన్ను నాలుగు రోజులు మంచంలో పడేసింది. పోతూ పోతూ నా ముక్కునీ నాలుకనీ కూడా పట్టుకుపోయింది. మొదట నాకు తెలియలేదు. పొద్దున్నే కాఫీ కలుపుకుని ఒక గుక్క తాగితే వేడినీళ్ళు తాగినట్టుంది. డికాక్షన్ పాతదేమో అనుకుని పారబోసి మళ్ళీ పెట్టాను. రెండోసారీ అంతే. అనుమానం వచ్చి ఆవకాయ సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. ఒక ముక్క నోట్లో వేసుకుంటే ఏదో నమిలానని తెలిసింది గాని ఉప్పూ కారం పులుపూ ఏవీ పలకలేదు. అప్పుడు భయం వేసింది. డాక్టర్‌కి ఫోన్ చేస్తే, కొందరికి వారాల్లో తిరిగొస్తుంది, కొందరికి నెలలు పడుతుంది, ఓపిక పట్టమన్నాడు. అమెరికాలో, కాపెల్ అనే ఊళ్ళో, ఈ ఇంట్లో ఇప్పుడు నేనూ మా ఆయనా ఇద్దరమే. ఆయన ఏం పెట్టినా తలొంచుకుని తినే రకం. కూర ఎలా ఉందో ఆయన్ని అడగడం, గోడని అడగడం ఒకటే.

శనివారం మా అమ్మాయి నిత్య ఆస్టిన్ నుంచి డ్రైవ్ చేసుకుని వచ్చింది. వస్తూనే పొయ్యి మీద ఉన్న పప్పుచారులో గరిట పెట్టి, ఆ గరిటతోనే నోట్లో పోసుకుని మొహం చిట్లించింది. "అమ్మా, దిస్ ఈజ్ సో సాల్టీ! నువ్వు టేస్ట్ చెయ్యలేదా?" అంది. చేశానే, తెలియట్లేదు అన్నాను. "ఓకే, ఓకే. నేను ఉన్నా కదా, నీ కోసం నేను టేస్ట్ చేస్తా" అని, నీళ్ళు పోసి, కలిపి, అదే గరిటతో మళ్ళీ చూసి, "నౌ ఇట్స్ గుడ్" అంది. మా నాయనమ్మ చూసుంటే గిన్నెతో సహా పెరట్లోకి విసిరేసేది. నేను బాత్‌రూమ్‌లోకి వెళ్ళి గడియ పెట్టుకుని ఏడ్చాను. పిల్ల, తన మాటకి నొచ్చుకున్నాననుకుని తలుపు బయట నిలబడి సారీ చెప్పింది. దానికి ఒడీల్ ఆంటీ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. మా ఆయనకి కూడా సగమే తెలుసు.

పెళ్ళయిన కొత్తలో మేం క్యారీ అనే ఇంకో ఊళ్ళో ఉండేవాళ్ళం. మా ఆయన ఎనిమిదింటికి లంచ్ డబ్బా పట్టుకుని ఆఫీస్‌కి వెళితే సాయంత్రం ఏడింటికి వచ్చేవారు. నాది హెచ్-ఫోర్ వీసా, ఉద్యోగం చెయ్యకూడదు. కారు ఒక్కటే, అది ఆయనతో వెళ్ళిపోయేది. కాలినడకన వెళ్ళడానికి పైన్ చెట్లూ, పార్కింగ్ లాటూ తప్ప ఏమీ లేవు. పదిన్నరకల్లా వంటయిపోయేది. ఆ తరవాత కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, ఎవరి కారు ఎప్పుడు వెళుతుందో, పోస్టు బండి ఎప్పుడొస్తుందో చూస్తూ కూర్చునేదాన్ని. బీఎస్సీ ఫస్ట్ క్లాసులో పాసైన మనిషిని, పోస్టు బండి కోసం ఎదురు చూడటమే పనిగా బతికాను. ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు. అప్పట్లో ఇండియాకి ఫోన్ చెయ్యాలంటే కాలింగ్ కార్డు గీకి నంబర్లు నొక్కాలి. అమ్మతో మాట్లాడుతుంటే మధ్యలో కార్డు అయిపోయేది. అటువైపు అమ్మ "హలో, హలో" అంటూ ఉండగానే కట్ అయ్యేది.

ఓ చలికాలం మధ్యాహ్నం మా బిల్డింగ్ అంతా అలారమ్ మోగింది. శాలువా కప్పుకుని, హవాయి చెప్పులతో కిందికి పరుగెత్తాను. రెండు ఫైర్ ఇంజన్లు వచ్చాయి. మంటలేమీ లేవు. కింది ఇంట్లో ఒక పెద్దావిడ పొయ్యి మీద పాలు పెట్టి పక్కగదిలో కూర్చుందట. పాలు పొంగి, ఇంకి, గిన్నె మాడి, ఇల్లంతా పొగ కమ్మేదాకా ఆవిడకి వాసన తెలియలేదు. ఆవిడ ఏప్రన్‌తోనే పార్కింగ్ లాట్‌లో నిలబడి ఉంది. నల్లబడిన గిన్నె చేతిలో అలాగే ఉంది. చుట్టూ ఉన్న జనం ఆవిడ వంక చూస్తూ గుసగుసలాడుతున్నారు. ఆవిడ తల దించుకోలేదు గాని పెదవులు వణుకుతున్నాయి. ఏం చెయ్యాలో తోచక నా శాలువా తీసి ఆవిడ భుజాల మీద కప్పాను. క్యారీలో నేను నా అంతట నేను చేసిన మొదటి పని అదే.

ఆవిడ పేరు ఒడీల్. ఫ్రాన్స్‌లో ఎక్కడో పల్లెటూరిలో పుట్టి, అమెరికన్‌ని పెళ్ళాడి వచ్చి, ఇక్కడే ముసలిదయింది. భర్త పోయాడు. ఒక్కతే కూతురు క్లేర్, బోస్టన్‌లో ఉండేది. అప్పటికి రెండేళ్ళ కింద ఆవిడకి గొంతులో జబ్బు చేస్తే రేడియేషన్ ఇచ్చారట. జబ్బు తగ్గింది. రుచీ వాసనా మాత్రం తిరిగి రాలేదు. "నాకు అన్నీ తడి అట్టముక్కల్లాగే ఉంటాయి, స్యుదా" అనేది. సుధ అనే నా పేరు ఆవిడ నోట్లో అలా పలికేది. పేరు పెట్టి పిలవమంది. పెద్దావిడని పేరు పెట్టి ఎలా పిలుస్తాను? ఆంటీ అన్నాను. "నేను ఎవరికీ ఆంటీని కాను" అని నవ్వి ఒప్పుకుంది. కిందికి వెళ్ళొస్తానంటే మా ఆయన, "వెళ్ళు, నీకూ టైమ్‌పాస్ అవుతుంది. కాకపోతే వాళ్ళింట్లో ఏం కలుపుతారో ఏమో, ఏమీ తినకు" అన్నారు.

ఫ్రెంచి వంట అంటే ఏదో పెద్ద హంగామా అనుకునేదాన్ని. ఒడీల్ ఆంటీ వంటింట్లో హంగామా ఏమీ లేదు. బరువైన ఒక ఇనప గిన్నె, ఒక మూకుడు, రెండు చాకులు. చెక్క పెట్టెలో బూడిదరంగు గళ్ళుప్పు. వెన్న ఎప్పుడూ గట్టుమీదే మూత పెట్టి ఉండేది. నిన్నటి బ్రెడ్‌ని ఎన్నడూ పారెయ్యలేదు. అది ఇవాళ సూప్ అడుగున చేరేది. కూరగాయలు ఉడికించిన నీళ్ళు సీసాలో పోసి దాచేది. మా నాయనమ్మ బియ్యం కడుగు దాచినట్టు. లీక్స్ అని, మన ఉల్లికాడలకి పెద్దన్నయ్యల్లాంటివి తెచ్చి, చీల్చి, మట్టి పోయేదాకా మూడు నీళ్ళలో కడిగించేది. వాటిని వెన్నలో వేసి, మూత పెట్టి, మంట తగ్గించి, పక్కన నిలబడేది. "తొందరపడకు. వీటికి చెమట పట్టాలి, రంగు మారకూడదు" అనేది. ఆ తరవాత బంగాళాదుంపలు, నీళ్ళు, మనం బిర్యానీలో వేసే ఆకే ఒకటి, థైమ్ అని వాము వాసనొచ్చే రెమ్మలు రెండు దారంతో కట్టి. అంతే సూప్. ఆవపిండీ వెనిగరూ నూనే గిలక్కొట్టి పచ్చి సలాడ్ ఆకుల మీద పోస్తుంటే, మా ఇంట్లో అరటికాయకి ఆవ పెట్టిన రోజు ఘాటు వచ్చేది. ఆ వాసనకి ఒక్కసారిగా ఇల్లు గుర్తొచ్చి ముక్కు తుడుచుకునేదాన్ని. ఆవిడ, ఆవ ఘాటు అనుకుని రుమాలు ఇచ్చేది.

ఇంత తెలిసిన మనిషికి ఉప్పు దగ్గర మాత్రం చెయ్యి ఆడేది కాదు. యాభై ఏళ్ళుగా ప్రతి మెట్టులోనూ రుచి చూస్తూ వండిన చెయ్యి అది. చూడందే ముందుకి పోలేదు. వేళ్ళతో గళ్ళుప్పు పట్టుకుని, గిన్నె మీద చెయ్యి చాపి, అలా ఆగిపోయేది. ఒకరోజు చెంచా నాకు అందించి, "ఉప్పు చూసి పెట్టు" అంది. నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను.

మా ఇంట్లో వండేవాళ్ళు రుచి చూడరు. దేవుడికి చూపించకుండా నోట పెడితే ఎంగిలి. మా నాయనమ్మ అరవై ఏళ్ళు వండింది, ఒక్కనాడు పొయ్యి దగ్గర చుక్క నాలిక మీద వేసుకోలేదు. తడిబట్ట కట్టుకుని, పులుసు తెర్లుతుంటే కొంచెం దూరంగా నిలబడి, గాలి పీల్చి, "ఉప్పు చాల్లేదే, వాసన చప్పగా ఉంది" అనేది. ఇంకో చిటికెడు వేశాక మళ్ళీ పీల్చి తలూపేది. నాకూ అదే నేర్పింది. పెద్దావిడ వండుతుంటే మధ్యలో మాట్లాడకూడదు, ఆవిడ చేతికి వంక పెట్టకూడదు, ఎవరింట్లో ఏం పెట్టినా బాగుందనే అనాలి. ఇవీ ఆ వంటింటి చదువులోవే. వచ్చీరాని ఇంగ్లీషులో ఎంగిలి గురించి అరగంట చెప్పాను. ఒడీల్ ఆంటీ నవ్వలేదు. విని, అర్థం చేసుకుని, మర్నాటికి ఒక గ్లాసులో డజను చిన్న చెంచాలు పెట్టింది. పక్కన ఖాళీ గ్లాసు. ఒక చెంచాతో ఒక్కసారే చూడాలి, దాన్ని ఖాళీ గ్లాసులో వెయ్యాలి, మళ్ళీ గిన్నెలోకి వెళ్ళకూడదు. "మీ దేవుడికి ఇది ఓకేనా?" అని అడిగింది. ఓకేనో కాదో నాకూ తెలీదు. చూశాను.

అలా ఏడు నెలలు ఆవిడకి ఉప్పు చూశాను. మాంసం లేని రోజుల్లోనే. నేను మాంసం ముట్టనని ఆవిడ పెట్టిన నియమం అది. ఉప్పు చూడటం అంటే సరిపోయింది, చాల్లేదు అంటే కుదరదు. ఆవిడ కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, "చెప్పు" అనేది. నేను చెప్పేదాన్ని. లీక్ సూప్ అయితే, ముందు వెన్న తగిలింది, తరవాత దుంప తీపి, చివర్న కొంచెం ఆకు చేదు అని. టమాటాలూ వంకాయలూ కలిపి మగ్గబెట్టిన రోజున, మా ఊళ్ళో పెళ్ళిళ్ళలో అడుగంటిన వంకాయకూర గీకి తిన్నట్టుంది అని చెప్పాను. అడుగంటితే మంచిదేనా అని అడిగింది. చాలా మంచిది అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకునే నవ్వింది. ఆ తరవాత గిన్నెలో పోసుకుని, నేను చెప్పిన క్రమంలోనే, ముందు వెన్న, తరవాత దుంప అంటూ నెమ్మదిగా తినేది. మనిషి కొంచెం ఒళ్ళు చేసింది కూడా. ఆ దేశంలో నేను ఒకరికి అవసరపడ్డాను. పోస్టు బండి ఎప్పుడొచ్చి వెళ్ళేదో తరవాత్తరవాత నాకు తెలిసేది కాదు.

వేసవి మొదట్లో క్లేర్ వస్తున్నానని ఫోన్ చేసింది. పాలు మాడిన సంగతి అపార్ట్‌మెంట్ వాళ్ళు అప్పుడే ఆమెకి ఉత్తరం రాశారు. అమ్మ ఒంటరిగా ఉండలేదు, బోస్టన్ దగ్గర పెద్దవాళ్ళుండే చోట చేర్పిస్తానని అప్పటినుంచీ ఆమె పట్టు. ఉండగలనని ఈవిడ పట్టు. చివరికి ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రమ్మంది కూతుర్ని. "నేను వండుతాను. తిని చూడు. ఆ తరవాత మాట్లాడుకుందాం" అందట. వంట మానేస్తే తను బతికున్నట్టే కాదని నాతో చాలాసార్లు అంది. ఏం వండాలో కూడా ఆలోచించలేదు. క్లేర్‌కి చిన్నప్పటినుంచీ ఇష్టమైనది ఒకటుంది. ఉప్పులో ఊరబెట్టిన పందిమాంసం, ముదురాకుపచ్చ పప్పుతో కలిపి గంటలకొద్దీ ఉడికించేది.

"ఇది నువ్వు చూడక్కర్లేదు. ఎదురింటి ఆవిడని పిలుస్తాను" అంది ఒడీల్ ఆంటీ. అక్కడ నేను ఊరుకుని ఉంటే సరిపోయేది. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, నాకు మనసొప్పలేదు. ఏడు నెలలు నేను చూసిన వంటకి, అసలు అవసరమైన రోజున ఇంకెవరో రావడమా? దానికి తోడు మొహమాటం ఒకటి. "ఎందుకు ఆంటీ, నేనే చూస్తాను. ఫరవాలేదు" అనేశాను. ఆవిడ నా మొహంలోకి చూసి, "నిజంగా?" అంది. నిజంగా అన్నాను. ఆవిడ మరి అడగలేదు.

ఆ ఆదివారం పొద్దున్న నేను వెళ్ళేసరికి మాంసం ముందురోజు నుంచీ నీళ్ళలో నానుతోంది, ఉప్పు దిగిపోవాలట. ఆవిడ దాన్ని పొయ్యి మీదికి మార్చి పప్పు వేసింది, ఆకుల కట్ట వేసింది, గళ్ళుప్పు కొంచెం వేసింది. అప్పుడు ఫోన్ మోగింది. క్లేర్ గంట ముందే వచ్చేస్తోంది. ఆవిడ కంగారుగా తిరిగొచ్చి, ఉప్పుపెట్టె తెరిచి, గుప్పెడు తీసి గిన్నెలో వేసింది. నేను చూశాను. ఇందాక వేశారు కదా అనే మాట గొంతుదాకా వచ్చింది. పెద్దావిడ చేతికి వంక పెట్టకూడదు. పైగా ఈ వంటకి ఇంత పడుతుందేమో, నాకేం తెలుసు? ఎలాగూ చూస్తాను కదా అనుకున్నాను.

అది ఉడుకుతున్న కొద్దీ ఆ మాంసం వాసన భరించలేక నోటితో గాలి పీలుస్తూ నిలబడ్డాను. పన్నెండు దాటాక ఆవిడ, "ఇప్పుడు చూడు" అని బ్రెడ్ కొయ్యడానికి అటు తిరిగింది. చెంచా ముంచాను. నోటి దాకా తెచ్చాను. నావల్ల కాలేదు. ఊపిరి బిగబట్టి, చెంచా సింక్‌లో వంచేసి, ఖాళీ గ్లాసులో పడేశాను. నాయనమ్మ ఇచ్చిన ముక్కునైనా వాడుకున్నాను కాను, దాన్నీ మూసేసుకున్నాను.

"ఎలా ఉంది?" అంది.

"పర్ఫెక్ట్, ఆంటీ" అన్నాను.

"అంతేనా? చెప్పు."

"కమ్మగా ఉంది. ఉప్పు సరిగ్గా సరిపోయింది."

ఆవిడ కత్తి పక్కన పెట్టి వచ్చి, నా రెండు బుగ్గలూ పట్టుకుని ముద్దు పెట్టుకుంది.

క్లేర్ చెడ్డమనిషి కాదు. పువ్వులు తెచ్చింది, నాకు థాంక్స్ చెప్పింది, ఇల్లు శుభ్రంగా ఉందని మెచ్చుకుంది. ముగ్గురం కూర్చున్నాం. నాకు ఆకులూ బ్రెడ్డూ పెట్టింది ఒడీల్ ఆంటీ. క్లేర్ ఒక ముద్ద తిని ఆగింది. నీళ్ళు తాగింది. ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుని, మింగలేక, కళ్ళు గట్టిగా మూసుకుంది. ఎదురుగా తల్లి అదే కూర తాపీగా, ఇష్టంగా తింటోంది. ఆ దృశ్యం చూసి కూతురి మొహం ఎలా అయిందో నేను చెప్పలేను. "అమ్మా, దీన్ని ఎవరైనా రుచి చూశారా?" అంది నెమ్మదిగా.

ఒడీల్ ఆంటీ నా వైపు చూసింది. చూశాననైనా, చూడలేదనైనా నేను అనాలి. పళ్ళెంలో ఆకులు లెక్కపెడుతున్నట్టు కూర్చున్నాను.

"లేదు. ఉప్పు చూడమని అడగడం మర్చిపోయాను" అంది ఆవిడ.

మర్చిపోయాను అనే మాట కోసమే క్లేర్ బోస్టన్ నుంచి వచ్చింది. అది ఆవిడకీ తెలుసు. క్లేర్ లేచి తల్లిని వెనకనుంచి వాటేసుకుని ఏడ్చింది. ఇంకేం మాట్లాడుకోవడాలు లేవు. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యాలని ఆ సాయంత్రమే నిశ్చయమైపోయింది. క్లేర్ చూపించిన బ్రోషర్‌లో గదులు అందంగా ఉన్నాయి. వాటిల్లో పొయ్యి లేదు.

ఇప్పుడు నిత్య నా మొహం మీదే ఉప్పెక్కువైందని అంటుంది. మొదట్లో దాని మాట కరకుగా ఉందని బాధపడేదాన్ని, దానికి పెద్దంతరం చిన్నంతరం నేర్పలేకపోయానని మా చెల్లెలితో చెప్పుకునేదాన్ని. ఆ పిల్ల వయసులో నాకు ఎంతో మర్యాద తెలుసు. ఎవరి మనసూ నొప్పించని పిల్లనని పేరు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి ఒక మనిషి ఇల్లు పోగొట్టాను.

ఆ భోజనం తరవాత రెండు వారాలు కిందికి వెళ్ళలేదు. తలనొప్పి అని, జ్వరమని మా ఆయనతో కబురు చేశాను. ఇల్లు ఖాళీ చేసేముందు రోజు పొద్దున ఉండబట్టలేక వెళ్ళాను. ఒడీల్ ఆంటీ వంటింట్లో నేలమీద కూర్చుని పళ్ళేలకి కాగితాలు చుడుతోంది. నేనూ పక్కన కూర్చుని నాలుగు పళ్ళేలు చుట్టాక చెప్పాను. "ఆంటీ, ఆ రోజు నేను ఉప్పు చూడలేదు. చెంచా సింక్‌లో వంచేశాను."

ఆవిడ చేతులు ఆగాయి. "చూశావనుకున్నాను. నా మనసు కష్టపెట్టలేక, ఎక్కువైందని చెప్పలేదనుకున్నాను" అంది. తిడుతుందేమోనని చూశాను. తిడితే బాగుండేది. ఆవిడ కాగితం మడతలు సరిచేస్తూ అడిగింది. "మరి లీక్ సూప్? ముందు వెన్న తగిలింది అన్నావు. అది?"

"అది చూశాను ఆంటీ. నిజంగా చూశాను."

"వంకాయలూ టమాటాలూ? మీ ఊరి పెళ్ళికూర అన్నావు."

"నిజం."

"ఉల్లిపాయల సూప్? తీపి చివర్న వచ్చిందన్నావు."

"నిజం ఆంటీ, ఒట్టు."

ఏడు నెలల్లో తిన్నవి ఒక్కొక్కటే గుర్తు చేసుకుని అడుగుతూ పోయింది. నేను నిజం, నిజం అంటూ పోయాను. అన్నీ నిజాలే. కానీ ఆ రోజు పర్ఫెక్ట్ అన్నప్పుడు నా గొంతు ఎలా ఉందో, ఇప్పుడూ అలాగే ఉంది. నా చెవులకే తేడా తెలియలేదు. మధ్యలో ఆవిడ అడగడం మానేసింది. "సరే, స్యుదా" అని ఇంకో పళ్ళెం అందుకుంది. ఆ ఏడు నెలలూ ఆవిడ తిన్నది నా మాటల్ని. వాటిల్లో ఏది నిజమో తెలుసుకునే దారి లేకుండా చేసి ఆవిడని పంపించేశాను.